ఇటలీ కడలి ఊళ్లలో బస ఎంపిక: ఒక సమీక్ష

ఇటలీ తీరరేఖ, దీవులను కూడా కలుపుకుంటే, సుమారు 7,500 కిలోమీటర్లు ఉంటుంది. దాని పొడవునా చేపలరేవులుగానో, కాపలా బురుజుల నీడన చేరిన పల్లెలుగానో మొదలై, ఈనాడు ప్రధానంగా యాత్రికుల రాకపోకల మీద బతుకుతున్న ఊళ్లు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఎక్కడ బస చేయాలన్న ప్రశ్నకు మార్గదర్శక గ్రంథాలూ, పత్రికల యాత్రాశీర్షికలూ, ప్రయాణ సంస్థలూ చెబుతూ వచ్చిన సమాధానాలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు వాదాలు తేలతాయి. పేరున్న ఊళ్లోనే రాత్రి ఉండాలనీ, పగటి జనం సాయంత్రానికి వెళ్లిపోయాక గాని ఆ ఊరు తన అసలు రూపానికి రాదనీ మొదటి వాదం అంటుంది. పేరున్న ఊళ్లో గది ఇరుకు, ధర ఎక్కువ, సామాను మోత కష్టం కాబట్టి రైలు వసతి ఉన్న పక్క పట్నంలో దిగి, పగటిపూట చూసి రావడమే మేలని రెండవ వాదం చెబుతుంది. మూడవది పేరున్న తీరాలనే పక్కనపెట్టి, అంతగా జనం తొక్కని దక్షిణ తీరానికో అడ్రియాటిక్ తీరానికో పొమ్మంటుంది.

ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది గాని, మూడూ ఊరిని ఒంటరి వస్తువుగా చూస్తాయి. దీనికి కొంతవరకు ఛాయాచిత్రాలే కారణం. పొసితానో, మానరోలా వంటి ఊళ్ల ప్రసిద్ధ చిత్రాలు చాలావరకు పడవ మీద నుంచో, ఎదుటి కొండకొమ్ము నుంచో తీసినవి; ఆ ఊళ్లోనే గది తీసుకున్నవారికి ఆ దృశ్యం ఎలాగూ దక్కదు, వారి కిటికీలోంచి కనిపించేది చాలాసార్లు ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన దుప్పట్లు. ఊరి అందం చూడటానికి వెళ్లినంత మాత్రాన ఉండటానికి అదే తగిన చోటు కావలసిన పని లేదు. బస నిర్ణయంలో ముందుగా తేల్చుకోవలసింది ఊరికి చేర్చే దారి ఏదన్నది: రైలా, కొండ అంచున సాగే రోడ్డా, పడవా. ఆ దారి ఏ గంటకు మొదలై ఏ గంటకు ఆగుతుందో, ఏ వాతావరణంలో తెగిపోతుందో తెలిశాక, దాని మీది ఊళ్లలో ఒకదాన్ని ఎంచుకోవడం అంత కష్టం కాదు.

ఈ ఊళ్లు నేడున్న రూపానికి ఎలా వచ్చాయో కొంత తెలిస్తే ఈ మాట బలపడుతుంది. మధ్యయుగం నుంచి పదిహేడవ శతాబ్దం దాకా ఇటలీ తీరవాసులకు సముద్రం ఎంత జీవనాధారమో అంత భయం కూడా. ఒట్రాంటో 1480లో ఒట్టోమన్ సేనల చేతికి చిక్కింది. వియేస్తే 1554లో ద్రగుత్ అనే నౌకాదళ నాయకుడి దాడిలో నాశనమైంది. దక్షిణ తీరం పొడవునా పదహారవ శతాబ్దంలో కట్టిన కావలి బురుజులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ భయానికి తోడు, పల్లపు తీరభూముల్లో మలేరియా ఇరవయ్యవ శతాబ్దం మధ్య వరకు పీడించింది. అందువల్ల జనం కొండ మీద ఊరు కట్టుకుని, పడవలను మాత్రం కింద ఉంచుకున్నారు. ఇటలీ ఏకీకరణ తరువాత తీరం వెంట రైలుమార్గాలు పడ్డాక, స్టేషన్ల చుట్టూ కింద మరో ఊరు పుట్టింది. పై ఊరి పేరుకు ముందు ‘మరీనా ది’ అని చేర్చి పిలిచేది చాలాచోట్ల ఇలాంటి దిగువ ఊరినే. ఒకే పేరు మీద రెండు ఊళ్లున్నప్పుడు బస ఏ సగంలో ఉందో చూసుకోకపోతే, సముద్రపు ఊరనుకున్నది సముద్రానికి మూడు వందల మీటర్ల ఎత్తున తేలుతుంది. లేదా పాత రాతి వీధులను ఆశించినవారు రైలుపట్టాల పక్కన కాంక్రీటు ఇళ్ల మధ్య దిగుతారు. అడ్రియాటిక్ తీరంలోనూ, కలాబ్రియా పడమటి తీరంలోనూ పట్టాలు చాలాచోట్ల ఊరికీ ఇసుకకూ మధ్యనే నడుస్తాయి. రాత్రి రైళ్ల చప్పుడు ఎవరి ప్రకటనలోనూ కనిపించదు.

రైలు దారి మీది ఊళ్లకు చక్కటి ఉదాహరణ వాయవ్య ఇటలీలోని లిగూరియా రాష్ట్రం. అక్కడి చింక్వే తెర్రే, అంటే ‘ఐదు నేలలు’, మొంతెరోస్సో, వెర్నాత్సా, కొర్నీలియా, మానరోలా, రియోమజ్జోరే అనే ఐదు ఊళ్ల సముదాయం. జెనోవా నుంచి లా స్పెజియాకు వెళ్లే రైలుమార్గం 1874లో పూర్తయ్యేవరకు ఇవి పడవ మీదా కాలిబాట మీదా ఆధారపడిన ఊళ్లు. 1997లో పొర్తోవేనెరేతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1999లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమయ్యాయి. ఐదింటి జనాభా కలిపినా నాలుగు వేలకు అటూ ఇటూగా ఉంటుంది. లేవాంతో, లా స్పెజియాల మధ్య ప్రతి ఊళ్లోనూ ఆగుతూ తిరిగే లోకల్ రైలులో ఒక ఊరి నుంచి పక్క ఊరికి పట్టేది కొద్ది నిమిషాలే. అందులోనూ ఎక్కువ భాగం సొరంగంలోనే గడుస్తుంది. సీజన్‌లో ఆ రైలును అపరిమితంగా ఎక్కడానికీ, రుసుము ఉన్న కాలిబాటల్లో నడవడానికీ కలిపి ఒకే కార్డు అమ్ముతారు. రైలు ఇంత దగ్గర చేసిన తరువాత ఐదింటిలో ఏది అన్న ప్రశ్న సగం పలుచబడుతుంది. మిగిలిన సగం ఊరి నేల వాలు మీద ఆధారపడుతుంది.

ఇసుకా గులకరాళ్లూ కలిసిన చెప్పుకోదగ్గ బీచి ఉన్నది మొంతెరోస్సోలో మాత్రమే. స్టేషన్ ఫెజీనా అనే కొత్త భాగంలో, బీచి ఎదుటే ఉంటుంది. పాత ఊరికి ఒక చిన్న సొరంగం గుండా నడిచి వెళ్లాలి. నేల చాలావరకు చదును, హోటళ్లూ ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితోనో, పసిపిల్లలతోనో వెళ్లేవారికి మిగతా నాలుగు ఊళ్లను సూచించడం సబబు కాదు. వెర్నాత్సాది ఐదింటిలో ఒక్కటే సహజమైన రేవు. దాని గట్టు మీద, నీటి అంచునే సాంత మార్గెరీతా చర్చి నిలబడి ఉంటుంది. స్టేషన్ నుంచి రేవు దాకా ఒకే పెద్ద వీధి. రైలు దిగిన జనమంతా ఆ వీధిలోకే దిగుతారు కాబట్టి మధ్యాహ్నం అది తిరనాళ్లను తలపిస్తుంది. గదులు మాత్రం వీధికి ఇరువైపులా పైకి పాకే మెట్లదారుల్లో ఉంటాయి. మానరోలా, రియోమజ్జోరేలలో స్టేషన్ ఒక లోయలో, ఊరు పక్క లోయలో. రెండింటినీ కలిపేది కొండను తొలిచిన నడకదారి. మానరోలాలో రేవు చాలినంత లేనందువల్ల పడవలను యంత్రంతో పైకెత్తి, ఇతర ఊళ్లలో కార్లు నిలిపినట్టు వీధి పొడవునా నిలుపుతారు. సముద్రం పొంగిన రోజున వాటి మధ్య సందుచేసుకుని నడవాలి. రియోమజ్జోరేలోని గోపురం వంటి సన్నని ఇళ్లకు వెనుక పై వీధి నుంచి ఒక తలుపు, ముందు కింది వీధి నుంచి ఒక తలుపు ఉండటం సాధారణం. ‘మూడవ అంతస్తు’ అని రాసిన గదికి ఏ వీధి నుంచి లెక్కపెట్టారో ముందుగా అడిగి తెలుసుకోవడం అనవసరమైన జాగ్రత్తేమీ కాదు.

కొర్నీలియా సంగతి వేరు. అది సముద్రానికి సుమారు వంద మీటర్ల ఎత్తున, కొండ గుట్ట మీద ఉంది. రేవు లేదు కాబట్టి యాత్రికుల పడవలు అక్కడ ఆగవు. స్టేషన్ నుంచి ఊరికి లార్దరీనా అనే ఇటుక మెట్లదారి ఎక్కాలి. మెట్లు 380 వరకు ఉంటాయి. చిన్న బస్సు ఉంది గాని అది అన్ని రైళ్ల వేళలనూ అందుకోదు. ఇదే కారణంగా పగటి జనం ఇక్కడికి తక్కువగా వస్తారు. ద్రాక్షతోటల నడుమ నడవడానికే వచ్చినవారికి ఐదింటిలో ఇంతకు మించిన బస లేదు. మార్గదర్శక గ్రంథాలు కొర్నీలియాకు చివరి స్థానమో, నాలుగు ముక్కల ప్రస్తావనో ఇచ్చి ఊరుకోవడం అన్యాయమనే చెప్పాలి.

వెర్నాత్సా, మొంతెరోస్సోలను 2011 అక్టోబరు 25న కుంభవృష్టి ముంచెత్తింది. కొండల మీది సోపానక్షేత్రాలు, అంటే సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలతో నిలిపిన మెట్ల పొలాలు, సాగుచేసేవారు తగ్గి శిథిలమవుతూ వచ్చాయి కాబట్టి నీటినీ మట్టినీ ఆపలేకపోయాయి. వీధుల కింద కప్పివేసిన వాగులు పొంగి బురద ఇళ్ల కింది అంతస్తులను పూడ్చింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో రియోమజ్జోరే, మానరోలాల మధ్య ‘ప్రేమబాట’ అని పేరుపడిన కిలోమీటరు లోపు కాలిదారి మీద కొండచరియ విరిగి పడి యాత్రికులు గాయపడ్డారు. ఆ దారి పూర్తిగా తెరుచుకున్నది 2024లోనే. శరదృతువులో ప్రాంతీయ అధికారులు పసుపు, నారింజ, ఎరుపు రంగుల వాన హెచ్చరికలు జారీచేస్తారు, ఆ రోజుల్లో కాలిబాటలు మూసేస్తారు. కాబట్టి కేవలం నడక కోసం అక్టోబరు చివరలో ఇక్కడ గది తీసుకోవడం జూదం వంటిదే.

పక్క పట్నం వాదానికి లిగూరియాలో గట్టి ఆధారం ఉంది. లేవాంతో ఐదు ఊళ్లకు పడమటి చివర, మొంతెరోస్సోకు రైలులో ఐదారు నిమిషాల దూరంలో ఉంది. విశాలమైన బీచి, చదునైన వీధులు, కారు నిలుపుకునే చోటు ఉన్నాయి. పాత రైలుమార్గాన్ని సైకిల్‌బాటగా మార్చడంతో అక్కడినుంచి బొనస్సోలా, ఫ్రమూరాల దాకా సొరంగాల గుండా సముద్రాన్ని చూస్తూ వెళ్లవచ్చు. తూర్పు చివరనున్న లా స్పెజియా నౌకాదళ పట్టణం. అక్కడ గది చౌక, రైళ్లు ఎక్కువ, కాని కిటికీ తెరిస్తే సముద్రపు ఊరి గాలి రాదు. ఈ రెండింటిలో లేవాంతోదే పైచేయి. పొర్తోవేనెరే, లెరీచీ ఊళ్లకు రైలు లేదు. లా స్పెజియా నుంచి బస్సులోనో, సీజన్‌లో పడవలోనో చేరాలి. లెరీచీ పక్కనున్న సాన్ తెరెంజోలో ఆంగ్లకవి షెల్లీ తన చివరి రోజులు గడిపాడు. 1822 జులైలో లివోర్నో నుంచి తిరిగివస్తూ పడవ మునిగి మరణించాడు. ఈ ఊళ్లున్న అఖాతాన్ని నేటికీ ‘కవుల అఖాతం’ అంటారు. ఐదు ఊళ్లను ఒక రోజు చూసి మిగతా వారమంతా ఒకేచోట ఉండదలచినవారికి ఈ అఖాతపు ఒడ్డు నెమ్మదైన బస.

లేవాంతో దాటి ఇంకా పడమరకు, జెనోవా వైపు, కమోలీ ఉంది. అయిదారంతస్తుల సన్నని ఇళ్లు రేవు చుట్టూ గోడకట్టినట్టు నిలబడి ఉంటాయి. వాటి ముఖాల మీద కిటికీలూ, శిల్పాలూ, రాతి అంచులూ రంగులతో చిత్రించినవే గాని నిజమైనవి కావు. ఈ కంటిమాయ చిత్రకళ లిగూరియా అంతటా కనిపిస్తుంది గాని కమోలీలో మరీ ఎక్కువ. రేవు దగ్గరలోని పుంతా కియాప్పా ఎదుట ఏటా సీజన్‌లో బిగించే స్థిరమైన చేపలవలను కొబ్బరిపీచుతో అల్లుతారు. పక్కనున్న సాన్ ఫ్రుత్తుఓసో మఠానికి రోడ్డే లేదు, పడవలో వెళ్లాలి లేదా కొండదారిన నడవాలి. అక్కడి నీటి అడుగున 1954లో ప్రతిష్ఠించిన క్రీస్తు కాంస్య విగ్రహం ఉంది. పొర్తొఫీనోలో బస గురించి ఎక్కువ రాయనక్కరలేదు. దాన్ని చూడటానికి ఒక పూట చాలు, ఉండటానికి సంపద కావాలి. పక్కనున్న సాంత మార్గెరీతా లీగురేకు రైలు ఉంది, అక్కడినుంచి బస్సూ పడవా ఉన్నాయి.

రోడ్డు దారికి ఉదాహరణ నేపుల్స్‌కు దక్షిణాన ఉన్న అమల్ఫీ తీరం. ఇదీ 1997లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, కాని దీని బస లెక్క చింక్వే తెర్రేకు పూర్తిగా తలకిందులు. తీరం మధ్యలో రైలు లేదు. పడమట సొర్రెంతో దాకా నేపుల్స్ నుంచి లోకల్ రైలు వస్తుంది, తూర్పున వియేత్రి, సలేర్నోలలో స్టేషన్లు ఉన్నాయి. నడుమనున్న ఊళ్లన్నింటినీ కలిపేది పందొమ్మిదవ శతాబ్దంలో కొండను చెక్కి వేసిన ఒకే ఒక్క రోడ్డు, దాని పొడవు సుమారు 50 కిలోమీటర్లు. రెండు బస్సులు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గవలసిన మలుపులు అందులో ఎన్నో. 2022 నుంచి వేసవి రద్దీ రోజుల్లో పగటి గంటల్లో కార్ల నంబరు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి రోజు విడిచి రోజు అనుమతించే పద్ధతి ప్రవేశపెట్టారు. కారు అద్దెకు తీసుకుని స్వేచ్ఛగా తిరగవచ్చన్న సలహా ఈ తీరానికి ఏమాత్రం పనికిరాదు. వేసవిలో రోడ్డుకు ప్రత్యామ్నాయం పడవ. సలేర్నో నుంచి అమల్ఫీకి దాదాపు అరగంటలో చేరుస్తుంది. పడవలు సుమారుగా ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే నడుస్తాయి, సముద్రం బాగాలేకపోతే ఆ నెలల్లోనూ ఆగిపోతాయి.

ఈ దృష్టితో చూసినప్పుడు పొసితానోకు వచ్చిన పేరులో సగం కరిగిపోతుంది. అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1953లో ఒక పత్రికకు రాసిన వ్యాసంతో దాని పేరు లోకానికెక్కింది. ఊరు నిలువుగా ఉంది. వాహనాలు తిరిగే దారి ఒక్కటే, తక్కినవన్నీ మెట్లు. సామాను మోసిపెట్టే కూలీలు ఈనాటికీ అక్కడ వృత్తిగా ఉన్నారు. వారి కూలి గది ధరలో కలవదు. సూర్యుడు ఎటు వాలతాడన్నది కూడా ఇక్కడ బసను నిర్ణయించే విషయమే: కొండల మడతల్లో ఒదిగిన అమల్ఫీ వంటి ఊళ్లకు సాయంకాలపు ఎండ త్వరగా తప్పిపోతుంది, కొండకొమ్ము మీద పడమటికి తిరిగి ఉన్న ప్రయానో మాత్రం చివరి వెలుగు దాకా దక్కించుకుంటుంది. ప్రయానోలో బీచి పేరుకే. అయినా పొసితానో దృశ్యాన్ని దూరం నుంచి చూసేందుకు అది పొసితానో కంటే మంచి చోటు.

అమల్ఫీ బస్సులకూ పడవలకూ కూడలి. అక్కడినుంచి నడకదూరంలో, కొండకొమ్ముకు అవతలి మలుపులో ఉన్న అత్రానీ విస్తీర్ణం 0.12 చదరపు కిలోమీటర్లు. ఇటలీలో ఇంతకన్న చిన్న పురపాలక సంఘం లేదు. కూడలి సౌకర్యాన్ని వాడుకుంటూ, రాత్రికి దాని రద్దీ నుంచి తప్పించుకునే వీలు ఈ తీరం మొత్తం మీద అత్రానీలోనే ఎక్కువ. రవెల్లో సముద్రానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. జర్మన్ స్వరకర్త వాగ్నర్ 1880లో అక్కడి రూఫోలో భవనపు తోటను చూసి ముగ్ధుడయ్యాడు, 1953 నుంచి ఆ తోటలోనే సంగీతోత్సవాలు జరుగుతున్నాయి. సంగీతం కోసం, తోటల కోసం అది ఉత్తమమైన బస. రోజూ ఈతకు వెళ్లాలనుకునేవారికి మాత్రం ప్రతి పూటా బస్సు కోసం ఎదురుచూపే.

తూర్పు సగాన్ని చాలా గ్రంథాలు చిన్నచూపు చూస్తాయి. మయోరీ 1954 అక్టోబరు వరదలో కొట్టుకుపోయి, తరువాత కొత్తగా కట్టుకున్న ఊరు కాబట్టి చిత్రాల్లో అందంగా కనిపించదు. కాని ఈ తీరంలోకెల్లా పొడవైన, దాదాపు కిలోమీటరు బీచి దానిదే, వీధులు చదును, గదుల ధర తక్కువ. పక్కనున్న మినోరీకి నిమ్మతోటల గుండా కాలిబాట ఉంది. చెతారా నేటికీ నిజంగా చేపల మీద బతికే ఊరు. నెత్తళ్లను ఉప్పుతో పొరలు పొరలుగా చెస్ట్‌నట్ చెక్క పీపాల్లో పేర్చి, పైన బరువు పెట్టి, నెలల తరబడి ఊరనిచ్చి, అడుగున బొట్టుబొట్టుగా దిగే రసాన్ని సీసాల్లో పడతారు. ‘కొలతూరా’ అనే ఆ రసానికి 2020లో ఐరోపా భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక సలేర్నో ఊరు కాదు, నగరం. అయితే వేగవంతమైన రైలు నేరుగా దిగబెడుతుంది, రేవు నడకదూరంలో ఉంది, 2024 జులై నుంచి విమానాశ్రయం కూడా పనిచేస్తోంది. మూడు రాత్రులకు తక్కువగా వచ్చేవారికి సలేర్నో బసే తెలివైనది. అంతకు మించి ఉండేవారికి తీరం మీదనే ఉండటం న్యాయం, ఎందుకంటే రోజూ రెండు గంటల రాకపోకలు యాత్రను ఉద్యోగంలా చేస్తాయి.

ఇతర తీరాలను ఇంత వివరంగా చూడనక్కరలేదు. సలేర్నోకు దక్షిణాన ఉన్న చిలెంతో తీరంలో పెస్తుమ్ గ్రీకు దేవాలయాలు, కస్తెల్లాబాతే, అచ్చరోలీ, పియోప్పీ వంటి ఊళ్లు ఉన్నాయి; మధ్యధరా ఆహారవిధానం మీద పరిశోధించిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ పియోప్పీలోనే ఏళ్ల తరబడి నివసించాడు. ఇక్కడ మాత్రం కారు ఉంటేనే సుఖం. పూలియాలో బారీ నుంచి దక్షిణంగా వెళ్లే రైలు మీద పొలిన్యానో, మొనోపోలీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. కొండగోడల మధ్య చిక్కిన పొలిన్యానో చిన్న బీచిని చూడటానికి లోకమంతా వస్తుంది. కొద్ది నిమిషాల దూరంలోని మొనోపోలీ పాత రేవులో గది తీసుకుని చూసి రావడం రెండవ వాదానికి లిగూరియా కంటే కూడా మంచి రుజువు. కలాబ్రియాలోని త్రొపేయా కొండ అంచున ఉంటుంది, తెల్లని ఇసుక నిలువునా కిందనెక్కడో. ఆ మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగగలమా అన్నదే అక్కడి అసలు ప్రశ్న. షిల్లాలోని కియానలేయా పేటలో ఇళ్ల గోడలను అలలు తాకుతుంటాయి. సిసిలీలోని చెఫలూకు పలెర్మో నుంచి గంట లోపు రైలులో చేరవచ్చు. ఇసుక బీచి, 1131లో మొదలైన నార్మన్ ప్రధానాలయం, చదునైన పాత ఊరు ఒకేచోట దొరకడం ఇటలీ తీరంలో అరుదు. నేపుల్స్ అఖాతంలోని ప్రోచిదా 2022 సంవత్సరానికి ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఎంపికైంది. అది చిన్న దీవి, చివరి పడవ దాటిపోతే రాత్రి అక్కడే.

బీచి గురించి మన పాఠకులకు ఒక వివరణ అవసరం. ఇటలీలో సముద్రపు ఒడ్డు ప్రభుత్వ ఆస్తి; కాని దానిలో పెద్ద భాగాన్ని లైసెన్సు మీద నడిపే స్నానశాలలకు అప్పగించారు. వాటిని ‘స్తబిలిమెంతో’ అనీ ‘లీదో’ అనీ అంటారు. వరుసలుగా పాతిన గొడుగులూ, పడక కుర్చీలూ రోజువారీ అద్దెకు ఇస్తారు. నీటికి దగ్గరి వరుస ధర ఎక్కువ. ఉచితంగా కూర్చోదగిన భాగాన్ని ‘స్పియాజ్జా లీబెరా’ అంటారు, ప్రసిద్ధ ఊళ్లలో అది ఒక మూలకు నెట్టిన ముక్కే. ఆగస్టులో ఒక కుటుంబానికి వారం రోజుల గొడుగు అద్దె, గది ఖర్చుకు చెప్పుకోదగ్గ చేర్పు అవుతుంది. ‘నీలి జెండా’ గుర్తింపు నీటి శుభ్రతనూ సౌకర్యాలనూ సూచిస్తుందే తప్ప ఒడ్డు ఇసుకో రాళ్లో చెప్పదు. లిగూరియా, అమల్ఫీ తీరాల్లో ఎక్కువగా గులకరాళ్లే కాబట్టి రబ్బరు చెప్పులు లేనిదే నీళ్లలోకి దిగడం కష్టం.

గదుల రకాల్లో హోటలు, అద్దె గదులు, పొలాల మధ్య రైతు కుటుంబం నడిపే ‘అగ్రితురిస్మో’, పాత ఊళ్లోని వేర్వేరు ఇళ్లలో గదులు పంచి ఒకే కార్యాలయం నుంచి నడిపే ‘అల్బెర్గో దిఫూసో’ ముఖ్యమైనవి. చాలా ఊళ్లలో మనిషికి రాత్రికి ఇంత అని బస పన్ను విడిగా వసూలు చేస్తారు. 2025 నుంచి స్వల్పకాలపు అద్దె ఇళ్లన్నీ జాతీయ గుర్తింపు సంఖ్యను ప్రకటనల్లోనూ, ఇంటి బయటా చూపించాలి. ఆ సంఖ్య లేని ఇంటిని తీసుకోకపోవడమే మంచిది. భారతదేశం నుంచి వెళ్లేవారు షెంగెన్ వీసా దరఖాస్తుతోనే బస ఆధారాలను జతపరచాలి కాబట్టి అక్కడికి వెళ్లి చూసి నిర్ణయించుకుందామనే వీలు తెలుగు యాత్రికులకు దాదాపు లేదు. రద్దుచేసుకునే హక్కు ఉన్న గదినే ముందుగా తీసుకోవలసి ఉంటుంది. మాంసాహారం ముట్టనివారికి లిగూరియా అనుకూలం: శనగపిండిని పలుచగా కలిపి పొయ్యిలో కాల్చే ‘ఫరినాతా’, నూనె రొట్టె ‘ఫొకాచ్చా’ ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. అక్కడి ‘పెస్తో’ పచ్చడిలో వేసే జున్ను మాత్రం సాధారణంగా దూడ కడుపులోని పదార్థంతో పేరబెట్టినదే. పూలియాలో ఆకుకూర కలిపిన పాస్తాలో నెత్తళ్లు వేయడం మామూలు, అడగకుండా తినకూడదు.

రాత్రి బస వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. పగటి యాత్రికులు ఊరికి చెత్తనూ ఇరుకునూ ఎక్కువ మిగిల్చి, ఆదాయాన్ని తక్కువగా ఇస్తారన్నది చింక్వే తెర్రేలో చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు; రాత్రి ఉండేవారు హోటలువారికీ, పచారీ కొట్టుకూ ఆసరా అవుతారు. కాని ఆ గదులన్నీ ఒకప్పుడు కాపురాలున్న ఇళ్లే కావడం ఈ వాదంలోని ఇబ్బంది. అద్దెకు మారిన ప్రతి ఇంటితోనూ ఏడాది పొడవునా ఊళ్లో ఉండే కుటుంబం ఒకటి తగ్గుతుంది. కుటుంబం అక్కడే ఉండి, పై అంతస్తు గదులను మాత్రమే అద్దెకిచ్చే ఇళ్లను ఎంచుకుంటే రెండు వైపుల వాదాలకూ కొంత న్యాయం జరుగుతుంది.

చివరిగా కాలం. ఆగస్టు 15 ఇటలీ వారి పెద్ద సెలవు. దాని అటూ ఇటూ వారాల్లో దేశమంతా తీరానికే వస్తుంది, ఇళ్లను శనివారం నుంచి శనివారం వరకు వారం లెక్కనే ఇవ్వడం ఆనవాయితీ. మే చివర, జూన్ మొదట, సెప్టెంబరు రెండవ సగం అన్ని తీరాలకూ మేలైన రోజులు. సెప్టెంబరులో నీళ్లు జూన్ కంటే వెచ్చగా ఉంటాయి. నవంబరు నుంచి మార్చి వరకు పొసితానో, వెర్నాత్సా వంటి ఊళ్లలో హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి, పడవలు ఆగిపోతాయి, లోకల్ రైళ్లు తగ్గుతాయి. ఆ నెలలే వీలయ్యేవారు మొదటి వాదాన్ని పూర్తిగా మరిచిపోయి, యాత్రికులు లేకున్నా బడులూ, మార్కెట్లూ నడిచే ఊళ్లను తీసుకోవాలి: లిగూరియాలో సెస్త్రి లేవాంతే, కమోలీ, దక్షిణాన సలేర్నో, మొనోపోలీ, సిసిలీలో చెఫలూ.